చెర్‌స్త్వీ రొట్టె

మా దుకాణం బోర్డు మీద 'చెర్‌స్త్వీ రొట్టెలు' అని ఉంటుంది. మా చెక్ భాషలో చెర్‌స్త్వీ అంటే తాజా. ఓల్జా నది మీది వంతెన దాటి పోలండ్ వైపు వెళ్తే, రొట్టె విషయంలో అదే మాటకు ఎండిపోయినదని అర్థం. మా అత్తగారు గెనోవెఫా ఆ గట్టు మనిషి. పెళ్లయిన నాటి నుంచి ఒకటే దెప్పు.

"ఎండు రొట్టెలని బోర్డు కట్టి మరీ అమ్మే మొనగాడమ్మా నా అల్లుడు!"

నాకు ఒళ్లు మండేది. కింద పడ్డ రొట్టె ముక్కనైనా, అన్నం పరబ్రహ్మమన్నట్టు, తీసి ముద్దు పెట్టుకునే మనిషికి, నా రొట్టె మీద మాత్రం ఎందుకింత అక్కసు? తింటూనే దెప్పేది.

కరోనా వచ్చి వంతెనకు కంచె వేశారు. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం నేనూ, నా భార్య బోగ్నా ఈ గట్టున, ఆవిడ ఆ గట్టున. నేను రొట్టె ఎత్తి చూపిస్తే, "ఎండిందేనా?" అని నది మోగేలా అరిచేది.

నిన్న బాగా దగ్గింది. ఇవాళ ఇంకా రాలేదు. ఫోనూ ఎత్తడం లేదు.

బోగ్నా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. "మోకాలి లోతు నీళ్లేగా, దాటేస్తాను."

"పిచ్చా నీకు? పోలీసులు పట్టుకుంటారు."

"పట్టుకోనీ! అక్కడ అమ్మ ఒక్కతే పడిపోయి ఉంటే?"

నాకు భయం వేసింది. బోగ్నా చెప్పులు విప్పేసింది కూడా.

అప్పుడొచ్చింది ఆవిడ, కర్ర ఊతంతో. వస్తూనే బెంచీ మీద కూలబడింది.

"అమ్మా! ఎలా ఉన్నావే?"

చెయ్యి ఊపిందంతే. నేను రొట్టె ఎత్తాను. "చెర్‌స్త్వీ, అత్తయ్యా!"

ఉలుకూ పలుకూ లేదు. ఆ మాటను ఆవిడ ఊరికే వదిలెయ్యడం నేనెరగను. బోగ్నా నా చొక్కా గట్టిగా పట్టుకుంది.

"చెర్‌స్త్వీ! వినబడిందా? ఏదో ఒకటి అనండి అత్తయ్యా, మీకు పుణ్యముంటుంది!"

ఆవిడ కర్ర పట్టుకుని మెల్లగా లేచింది.

"దాన్ని ఎవరికీ ఇవ్వకు అల్లుడూ, నాకు దాచిపెట్టు. వంతెన తెరిచే నాటికి నా అర్థమే నిజమవుతుంది. పాలలో నానేసుకు తింటాను."

బోగ్నా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నేను రొట్టెను ఇంకా పైకెత్తాను. గట్టిగా అరిచాను.

"మీ అర్థమే గెలవనీ అత్తయ్యా! మీరొచ్చి తింటే అదే చాలు!"