అక్కయ్యకి ఆఖరున

కళ్లద్దాల షాపులో లెన్సులు చెక్కే పని బాగా వచ్చినవాడికి సొంత షాపు పెట్టుకోవాలనిపించడం తప్పేమీ కాదు. వీధిలో అందరూ అద్దాలాయన అని పిలిచే మనిషి ఇరవై ఏళ్లు ఒకరి దగ్గర పనిచేసి, ఇరవై ఒకటో ఏట సొంత షాపు తెరిచాడు. పద్నాలుగు నెలలు నడిపాడు. పైపులు వేస్తామని షాపు ముందు రోడ్డు తవ్వినవాళ్లు ఎనిమిది నెలల దాకా పూడ్చలేదు. చూపు ఆననివాళ్లు గోతులు దాటుకుని అద్దాల కోసం రారు కదా. చివరికి తాళం వేసి, మెషీను అయినకాడికి అమ్మేసి, పాత యజమాని దగ్గరికే వెళ్లి నిలబడ్డాడు. ఆయన మంచివాడే, పాత స్టూలు మీదే కూర్చోమన్నాడు. జీతం మాత్రం రెండు వేలు తగ్గించాడు.

షాపు పోయింది గానీ షాపు కోసం చేసిన అప్పులు పోలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం అతని భార్య ఒక రిజిస్టరు తెచ్చి చాప మీద పెట్టుకుంది. ఆమె స్కూలు ఆఫీసులో గుమస్తా. సగం వరకే రాసిన పాత హాజరు పట్టీని పారేస్తుంటే అడిగి తెచ్చుకుంది.

"ఎవరికి ఎంతివ్వాలో చెప్పండి, రాస్తాను."

"నీకు తెలిసినవే కదా."

"తెలిసినవి తెలుసు. తెలియనివి చెప్పండి."

అతను కాసేపు నీళ్లు నమిలాడు. "కార్డు మీద తొంభై అన్నాను కదా. తొంభై కాదు, లక్షా నలభై. ఆఖరి నాలుగు నెలలు షాపు అద్దె కూడా దాంట్లోంచే కట్టాను."

ఆమె తల ఎత్తలేదు. కలం మాత్రం ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. క్రెడిట్ కార్డుకి లక్షా నలభై వేలు. షాపులో అరలు చేసిన వడ్రంగికి పద్దెనిమిది వేలు. అక్కయ్యకి రెండు లక్షలు.

ఆ రెండు లక్షలకి కాగితం లేదు, వడ్డీ లేదు. అక్కయ్య మొగుడు దర్జీ. ఆయన బట్టలు కుడితే ఆవిడ పక్కన కూర్చుని కాజాలు తీసి, గుండీలు కుట్టేది. ఆ గుండీల డబ్బు పదకొండేళ్లు కూడబెట్టి, తమ్ముడు షాపు పెడుతున్నాడనగానే తెచ్చి చేతిలో పెట్టింది. షాపు మూతపడ్డాక ఒక్కసారి కూడా డబ్బు అడగలేదు. కాకపోతే ఇంటికి వచ్చినప్పుడల్లా కళ్లు నాలుగు మూలలా తిరిగేవి. "బకెట్టు కొత్తదా? పాతది ఏమైంది, చిల్లు పడిందా? అంటించుకుంటే సరిపోయేదేమో." ఆ ఒక్క మాటతో అద్దాలాయనకి వారం రోజులు ఆ బకెట్టు ముట్టుకోబుద్ధి అయ్యేది కాదు.

భార్య రెండో పేజీలో నెల ఖర్చు వేసింది. ఇద్దరి జీతాలూ కలిపితే నలభై వేలు. ఇంటద్దె, సరుకులు, కూతురి ఫీజు, కరెంటు, గ్యాసు, ఫోన్లు, బస్సు చార్జీలు అన్నీ పోను, ఎంత బిగించినా ఇరవై ఆరున్నర. మిగిలేది పదమూడున్నర వేలు.

"వడ్రంగికి నెలకి పదిహేను వందలు. మిగతా పన్నెండు వేలూ కార్డుకే. అది తీరేదాకా ఇంకెవరికీ లేదు," అంది.

"మరి అక్కయ్యకో?"

"అక్కయ్యకి ఆఖరున."

"అదేం న్యాయం? ముందు ఇచ్చింది ఆవిడ."

"కార్డు నెలకి నూటికి మూడు తింటోంది. ఈ నెల నాలుగు వేల రెండు వందలు ఉత్త వడ్డీ. మీ అక్కయ్య పుచ్చుకునే వడ్డీ మాటలే కదా, అవి నేను పడతాను. మీరు వెళ్లి ఆవిడతో ఉన్నదున్నట్టు చెప్పిరండి."

అతను సరేనన్నాడు. వెళ్లలేదు. వెళ్లినా, బావతో అవీ ఇవీ మాట్లాడి, మంచినీళ్లు తాగి వచ్చేశాడు.

మొదటి మూడు నెలలూ లెక్క గీత దాటకుండా నడిచింది. వడ్రంగి ప్రతి నెలా రెండో తేదీన సైకిలు గోడకి ఆనించి, గుమ్మం దగ్గరే నిలబడి డబ్బు తీసుకునేవాడు. మొదటిసారి ఎగాదిగా చూశాడు. రెండోసారి లెక్కపెట్టుకున్నాడు. మూడోసారి లెక్కపెట్టకుండానే జేబులో వేసుకున్నాడు. అద్దాలాయన షాపులో టీ మానేశాడు. రెండు స్టాపుల దూరం నడిచి, అక్కడ బస్సెక్కి టికెట్టులో కొంత మిగిల్చాడు. ఇవేవీ పెద్ద కష్టమనిపించలేదు. కష్టమల్లా అక్కయ్య ఎదురుపడితే తేలు కుట్టిన దొంగలా నిలబడాల్సి రావడమే.

నాలుగో నెలలో కూతురికి స్కూలు బూట్లు కొన్నారు. పాతవి బొటనవేలి దగ్గర నోరు తెరిచాయి. సరిగ్గా ఆ రోజే అక్కయ్య వచ్చింది. బూట్ల జత చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "బావున్నాయి. మంచి రకమే," అని కింద పెట్టింది. అంతే. ఆ "మంచి రకమే" అన్న మాట అతనికి గోరుచుట్టు మీద రోకటిపోటైంది. మర్నాడు కార్డుకి కట్టాల్సిన పన్నెండు వేలలోంచి ఐదు వేలు తీసి, భార్యకి చెప్పకుండా అక్కయ్యకి ఇచ్చి వచ్చాడు.

"ఇప్పుడేం తొందరరా," అంటూనే ఆవిడ కొంగున ముడేసుకుంది. ఆ రాత్రి అతనికి హాయిగా నిద్రపట్టింది. ఆ హాయి మూడు వారాలుంది. తర్వాత కార్డు తాలూకు కాగితం వచ్చింది. అందిన మొత్తం ఏడు వేలు.

భార్య ఆ కాగితాన్ని రిజిస్టరు పక్కన పెట్టి పిలిచింది. "మిగతా ఐదు వేలేవి?"

చెప్పాడు. అరుస్తుందనుకున్నాడు. అరిచి ఉంటే నయంగా ఉండేది.

"మొదట తొంభై అన్నారు, లక్షా నలభై అయింది. ఇప్పుడు పన్నెండుకి సరేనన్నారు, ఏడు అయింది. నేను రాసుకున్నది ఒకటి, మీరు చేసేది ఒకటి అయితే ఈ పుస్తకం ఎందుకండీ? స్కూల్లో పారేయనిస్తే పోయేది కదా." రిజిస్టరు మూసి లేచింది. "పదండి, వదిన దగ్గరికి. చెప్పులేసుకోండి."

దర్జీ ఇంట్లో ముందు గదే షాపు. బావ మిషను మీద వంగి ఉన్నాడు. అక్కయ్య నేల మీద కూర్చుని కాజాలు తీస్తోంది. అద్దాలాయన భార్య ఆవిడ పక్కనే కూర్చుని, రిజిస్టరు తెరిచి ఒళ్లో పెట్టింది.

"వదినా, ఇది మా ఇంటి లెక్క. వచ్చేది ఇది, పోయేది ఇది, మిగిలేది ఇది. మీ డబ్బు ఇక్కడుంది, ఆఖరున."

అక్కయ్య కళ్లద్దాలు పెట్టుకుని పేజీ మొత్తం చదివింది. మొహం ముడుచుకుంది. "అంటే అందరికంటే నేనే లోకువయ్యానన్నమాట."

"లోకువ కాదు వదినా. మీరు ఆగగలరు, కార్డు ఆగదు. ఇవాళ మీకు ఐదు వేలిస్తే, ఆ ఐదు వేల మీద కార్డువాడు నెలకి నూట యాభై లాగుతాడు. మీకూ రాదు, మాకూ మిగలదు."

"ఈ మాట వీడు నాలుగు నెలల కిందట చెప్పొచ్చుగా?"

ముగ్గురూ అద్దాలాయన వైపు చూశారు. అతను గోడకి తగిలించిన కొలతల టేపు వైపు చూశాడు.

"సిగ్గేసింది అక్కయ్యా," అన్నాడు చివరికి.

"తీసుకున్నప్పుడు లేని సిగ్గు చెప్పడానికొచ్చిందా." ఆవిడ మళ్లీ పేజీలోకి వంగింది. వేలితో ఒక్కో వరసా నొక్కుతూ వచ్చింది. "ఏమ్మా, ఇందులో జ్వరమొస్తే డాక్టరుకేదీ? గుమ్మం తలుపు ఊడితే ఏం చేస్తారు? ప్రతి నెలా అన్నీ సవ్యంగానే ఉంటాయని ఎవరు రాసిచ్చారు నీకు? ఆపదకంటూ నెలకి ఒక వెయ్యి పక్కన పెట్టాలి. సరుకుల్లో తగ్గించు, ఇంతెందుకు?"

అద్దాలాయన భార్యకి ఎవరైనా లెక్కలో తప్పు పట్టడం అదే మొదటిసారి. ఒక్క క్షణం మొహం ఎర్రబడింది. తర్వాత కలం తీసి, ఆపద అని ఇంకో వరస రాసింది.

ఆ రోజు నుంచి నెలకోసారి రిజిస్టరు అక్కయ్య ఇంటికి వెళ్లి రావడం మామూలైంది. స్కూలు ఆఫీసుకి తనిఖీ అధికారులు ఏడాదికొకసారే వస్తారు, ఈవిడ ప్రతి నెలా చూస్తుందని భార్య విసుక్కునేది గానీ, తీసుకెళ్లడం మానలేదు. విచిత్రమేమంటే, బకెట్టు గురించీ బూట్ల గురించీ మాటలు ఆగిపోయాయి. ఏ డబ్బు ఎటు పోతోందో తెలిశాక ఆవిడకి ఆరా తీయడానికి ఏమీ మిగల్లేదు. ఒకసారైతే తనే అంది, "ఈ నెలైనా వాణ్ణి టీ తాగనివ్వవే, మొహం పీక్కుపోయింది."

అలా తొమ్మిది నెలలు గడిచాయి. కార్డు మీద బాకీ అరవై ఆరున్నర వేలకి దిగింది.

పదో నెల మొదట్లో ఒక పొద్దున బావ కళ్లద్దాల షాపుకి వచ్చాడు. జేబులోంచి నాలుగు మడతల చీటీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏమయ్యా బావమరిదీ, దీనికి కాస్త గట్టి అద్దాలు చేసిపెట్టు. సూదిలో దారం ఎక్కి చావడం లేదు."

అద్దాలాయన చీటీ విప్పాడు. ఎడమ కంటికి పెద్ద తేడా లేదు. కుడి కంటికి ఏ పవర్ పెట్టినా పైన రెండు వరసలు తప్ప చదవలేకపోయాడని రాసి ఉంది. కింద కలంతో డాక్టరు ఇంకో మాట రాశాడు. శుక్లం ముదిరింది, ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించుకోవాలి. తేదీ చూస్తే మూడు నెలల కిందటిది.

"అక్కయ్యకి తెలుసా?"

"తెలుసు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. నేను చెప్పలేదు మరి, చీటీయే చెప్పింది." బావ నవ్వబోయాడు. "మొన్న ఒకాయన చొక్కాకి కుడి చెయ్యి తెచ్చి ఎడమ వైపు కుట్టాను. తొడుక్కుని చూపించి మరీ తిట్టాడు. నువ్వు అద్దాలు చెయ్యి, ఈ ఏడాది నెట్టుకొస్తాను."

"ఎంత గట్టి అద్దం పెట్టినా ఈ కంటికి లాభం లేదు బావా. నేను చెయ్యను. ఆపరేషన్‌కి ఎంతన్నారు?"

"నలభై ఎనిమిది. ఇంట్లో ఇరవై ఉన్నాయి. మిగతాది..." బావ ఆగిపోయాడు. మిగతాది ఎవరి దగ్గరుందో ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు అద్దాలాయన రెండు లెన్సులు పాడుచేశాడు. ఇరవై ఏళ్లలో ఎన్నడూ ఒకే రోజు రెండు పోలేదు. సాయంత్రం ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకుండా, ఉన్న సంగతంతా భార్యకి చెప్పాడు. ఈసారి దేనికీ నీళ్లు నమల్లేదు.

ఆమె చేతిలో పని పక్కన పెట్టింది. తర్వాత రిజిస్టరు తీసింది.

"వదిన ఆగగలరని నేనే అన్నాను. అప్పుడు అది నిజం. ఇప్పుడు కాదు. ఆగలేరని తెలిసి కూడా ఆగమంటే ఇంక అది లెక్కెలా అవుతుంది?" అంటూ గీతలు గీసింది. "కార్డుకి రెండు నెలలు నాలుగేసి వేలే కడదాం. అప్పుడు పదహారు వేలు చేతికొస్తాయి. ఆపద కింద పెట్టినవి ఐదున్నాయి. ఇంకా ఏడు కావాలి."

"మూడో వీధి షాపువాడు లెన్సులు చెక్కడానికి మనిషి లేడంటున్నాడు. పని దిగాక రెండు గంటలు కూర్చుంటాను."

"మీ కళ్లు ఏమైపోతాయి?"

"నా కళ్లకేం, రెండు నెలలే కదా."

రెండు నెలలు రెండు షాపుల్లోనూ పనిచేశాడు. ఇరవై ఎనిమిది వేలూ పూర్తయిన రోజున ఇద్దరూ కలిసి వెళ్లారు. అక్కయ్య కవరు చూసి, ముందు మొగుడి వైపు గుర్రుగా చూసింది. తర్వాత, "పుస్తకమేది? ముందు నా పేజీలో తగ్గించి రాయండి, అప్పుడు ముట్టుకుంటాను. సాయం అంటే మాత్రం తీసుకోను," అంది.

"మీ డబ్బే వదినా. సాయమెక్కడిది?"

"కార్డు ఎన్నాళ్లు వెనకబడింది?"

"మీకు ముందిచ్చిన ఆ ఐదు వేలతో కలిపి చూస్తే, రెండు నెలలు."

అక్కయ్య మరదలి చేతిని కాసేపు పట్టుకుని వదిలింది. పదిహేను రోజుల తర్వాత బావకి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు ఆయన మొదట చూసింది పెళ్లాం మొహం. "నీకు ఇన్ని తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయే?" అని అడిగి అక్షింతలు వేయించుకున్నాడు.

వడ్రంగి బాకీ సరిగ్గా ఏడాదికి తీరింది. ఆఖరి పదిహేను వందలు తీసుకుంటూ, "ఇంకేమైనా అరలు కావాలంటే చెప్పండి, మీకైతే అడ్వాన్సు అక్కర్లేదు," అన్నాడు. అద్దాలాయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. కార్డు పదిహేడో నెలలో తీరింది. భార్య దాన్ని కత్తెరతో నిలువునా కోసి చెత్తబుట్టలో వేసింది. ఆ తర్వాత నెలనెలా వచ్చేదంతా అక్కయ్య పేజీలోకే వెళ్లింది. మధ్యలో జీతాలు కాస్త పెరిగాయి, అద్దె అంతకంటే ముందే పెరిగింది, కాబట్టి మిగిలేది మారలేదు. ఇరవై తొమ్మిదో నెలలో ఏడున్నర వేలతో ఆ పేజీ కూడా సున్నాకి వచ్చింది. అక్కయ్య ఆ సున్నా కింద తన పొడి అక్షరాలతో సంతకం చేసింది.

ఇంటికి వస్తూ అద్దాలాయన తన మనసు ఎగిరి గంతేస్తుందేమోనని చూశాడు. వెయ్యలేదు. ఆకలేసింది, అంతే.

ముప్ఫయ్యో నెల ఒకటో తేదీన జీతాలు వచ్చాయి. వరసలన్నీ రాయగా అడుగున పదమూడున్నర వేలు మిగిలాయి. ఆ డబ్బు ఎవరిదీ కాదు, తమదే. కిటికీలకి తెరలు కొందామని ఆమె అంది, ఎండకి గది కాలిపోతోందని. తెరలెందుకు, నడుం వాల్చితే విరిగేలా ఉన్న ఆ కుర్చీ మారుద్దామని అతనన్నాడు. కుర్చీకి మేకు కొడితే చాలందామె. తెరకి దుప్పటి కడితే చాలన్నాడతను. మాటా మాటా పెరిగింది. పక్కగదిలో చదువుకుంటున్న కూతురు తలుపు దగ్గరికి వచ్చి చూసింది. రెండున్నరేళ్లలో కొనబోయే వస్తువు గురించి వాళ్లిద్దరూ పోట్లాడుకోవడం అదే మొదటిసారి. పూర్తయ్యేసరికి గంట పట్టింది.