చాయ్ మీద చెయ్యి

సుమైరాకు చాయ్ దగ్గరే అనుమానం మొదలైంది. ఊపిరాడని బొగ్గుబావి కార్మికుల కోసం గోదావరిఖనిలో ఆమె నడిపే ధర్మ దవాఖానకు ఎన్నిసార్లు పిలిచినా రాని సర్కారు అధికారి జగదీశ్వర్, ఈ రోజు పిలవకుండానే వచ్చి, ఒప్పందం కాగితాలు బల్ల మీద పరిచి, చాయ్ కూడా అడిగి మరీ తెప్పించుకున్నాడు.

కాగితాల్లో కొత్త షరతు కనబడింది. సర్కారు సాయం తీసుకునే సంస్థ అర్జీలు పెట్టకూడదు, సభల్లో మాట్లాడకూడదు.

“ఇదేంది సార్? మందులియ్యాలె గని, రోగం ఎందుకొస్తున్నదో చెప్పొద్దా?”

“అందరికీ ఉన్న షరతే మేడం, ఫికర్ చెయ్యకుండ్రి. అయినా ఈడ దుమ్మేడున్నది? మీరే పెద్దగ చేస్తున్నరు.”

ఆమె దుమ్ము మాటే ఎత్తలేదు. పోయిన వారం ఓపెన్‌కాస్ట్ గని దుమ్ము మీద తను పెట్టిన అర్జీ ఈయన చెవిన పడిందన్నమాట. కానీ పక్క గదిలో మంచం పట్టిన కార్మికుడు మొగిలి కాక దగ్గు ఆగడం లేదు. ఊపిరి మిషన్లు రావాలంటే సంతకం పెట్టాలి. ఆమె పెన్ను తీసింది.

అంతలో గనిలో బ్లాస్టింగుకు ముందు మోగే సైరన్ కూసింది. అది వినబడగానే ఇక్కడ ప్రతి ఇంట్లో అన్నం గిన్నెల మీద మూతలు పడతాయి. జగదీశ్వర్ మాట ఆపకుండానే, సంతకం పెట్టాల్సిన చోటు చూపిస్తూనే, రెండో అరచేతిని చాయ్ గ్లాసు మీద బోర్లించాడు.

సుమైరా పెన్నుకు మూత పెట్టింది.

“చెయ్యి తియ్యుండ్రి సార్,” అంది నెమ్మదిగా. “దుమ్ము లేదంటిరి గదా. తాగుండ్రి.”