చొక్కాకు కట్టిన గూడు

యాదయ్య పోయి తొమ్మిది రోజులైనా అతని భార్య రుక్కమ్మ కంట చుక్క నీరు రాలేదు. రాతి గుండెదని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ. ఎందుకు ఏడవలేకపోతోందో ఆమెకే తెలియదు. ఒళ్లంతా తిమ్మిరెక్కినట్టుంది, అంతే.

యాదయ్య వనపర్తి కాలేజీలో జువాలజీ ల్యాబ్ అటెండరు. రెండువేల నాలుగు వానాకాలంలో లెక్చరర్ అబ్రహాంకు దక్షిణ అమెరికా నుంచి స్నేహితుడొకాయన పట్టుపురుగు గుడ్లు పంపాడు. ఉత్తరంలో రోత్‌షీల్డియా అన్న జాతి పేరు పక్కన ప్రశ్నార్థకం ఉంది. రెక్కలొచ్చాక, వాటిలో అద్దాల్లాంటి కిటికీలుంటేనే ఆ జాతి అని తేలుతుందట. యాదయ్య పురుగులను ఇంటికి తెచ్చి జామాకు వేశాడు, వేపాకు వేశాడు. మూతి తిప్పుకున్నాయి. ఆముదపాకు వేస్తే కరకరా నమిలాయి. చివరికి బతికినవి నాలుగు.

"ఆ కిటికీలు సూశినంకనే సస్త" అని నవ్వేవాడు. చూడకుండానే, ఆకు కోస్తూ కోస్తూ గుండె ఆగి ఆముదపు చేనులో పడిపోయాడు.

మైల ఇంట్లో పురుగులను ముట్టొద్దని అత్త అన్నా, రుక్కమ్మ రోజూ ఆకు వేసింది. మూడు గూళ్లు కట్టాయి. నాలుగో పురుగు ఎటుపోయిందో కనబడలేదు.

గట్టు ఊళ్లో ఆమె పుట్టింట అంతా పట్టుపురుగుల పనే. పురుగు గూడు చీల్చుకుని బయటపడితే దారం తెగి పనికిరాదు, అందుకే ముందే ఉడకబెడతారు. పదో రోజు పొద్దున పొయ్యి మీద నీళ్లు మరుగుతుంటే ఆమె చేతులు అలవాటుగా మూడు గూళ్లనూ అందులో వేసేశాయి. మనసు ఎక్కడో ఉంది.

సాయంత్రం అబ్రహాం వచ్చి గిన్నెలోకి చూసి, గూళ్లను ఒక్కొక్కటే గరిటెతో బయటికి తీసి పెట్టాడు. తిడితే బాగుండేది.

మర్నాడు, పోయినవాడి బట్టలు ఇచ్చేయడానికి తీస్తుంటే, కొయ్యకు వేలాడే నీలిచారల చొక్కా చంకలో నాలుగో గూడు కనిపించింది. ఆ ఒక్క చొక్కా ఇవ్వనంది రుక్కమ్మ. అత్త ఎంత గొణిగినా కొయ్య మీది నుంచి తీయనివ్వలేదు.

నెల దాటాక ఒక పొద్దున చొక్కా మీద అరచేయంత ఇటుకరంగు పట్టుచిలుక రెక్కలు పరిచి కూర్చుంది. రెక్కకొకటి చొప్పున నాలుగు కిటికీలు. వాటిలోంచి చొక్కా నీలిచారలు కనబడుతున్నాయి. కబురు పెడితే అబ్రహాం పరుగున వచ్చాడు. భూతద్దం పెట్టి చూసి, రోత్‌షీల్డియానే, యాదయ్య గెలిచాడన్నాడు.

"ఆడదమ్మా. దీనికి తినే నోరుండదు. వారం దినాలు మగదాని కోసం గిట్లనే కూసుంటది."

"ఇగ రాదు సార్" అంది రుక్కమ్మ. "నేనే ఉడకబెట్టిన."

ఆ మాట అన్నాక ఆమెకు ఏడుపొచ్చింది. చొక్కా కింద నేల మీద కూలబడి పొద్దెక్కేదాకా ఏడ్చింది.