షైనీ కంచం

ఉదయగిరి క్రైస్తవ ఆడపిల్లల హాస్టల్లో మధ్యాహ్నం తిండి కాగానే, పిల్లలు ఎంగిలి కంచాలు తెచ్చి వంటింటి వెనక తొట్లో పడేసి పోతారు. అన్నీ స్టీలు కంచాలే, అన్నిటి అంచునా పేర్లే. బిడ్డని బళ్ళో చేర్చే ముందు ఆత్మకూరు పాత్రల అంగడికి పోయి కంచం మీద పేరు కొట్టించకపోతే, ఆ కంచం మళ్ళీ దక్కితే ఒట్టు! ఆ తొట్టి ముందు పీటేసుకుని, బూడిదా కొబ్బరి పీచూ పట్టుకుని కూర్చునేది లిదియమ్మ.

ఆ కంచాల్లో ఆమె పెద్దకూతురు షైనీదీ వచ్చేది. షైనీ పోయినేడు వానాకాలంలో జొరమొచ్చి తల్లి ఒళ్ళోనే చచ్చిపోయింది. కంచం మాత్రం రావడం మానలేదు. కడిగి ట్రంకు పెట్టెలో దాచినా సరే, మర్నాడు ఎంగిలితో తొట్లో ఉండేది. కరివేపాకు అంచుకి నెట్టి, ఆదివారం గుడ్డులో పచ్చసొన వదిలేసి, అచ్చం షైనీ తిన్నట్టే. ఎవరూ వింతపడలేదు. "మీ షైనీ ఇయ్యాల వంకాయ ముట్టలేదేందే, ఉప్పెక్కువైందా?" అని వంటామె హన్నమ్మ నొచ్చుకునేది కూడా. బిడ్డ తిన్నదని చూసుకున్నాకే లిదియమ్మ ప్రాణం కుదుటపడేది. మిగతా కంచాల్ని చేతులు తోమేవి గానీ కళ్ళు చూసేవి కావు.

చిన్నకూతురు సారా ఆ హాస్టల్లోనే ఉండి ఐదో తరగతి చదువుతోంది. ఒకరోజు పొద్దున ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిందని వార్డెను రెబెకమ్మ చెబితే, "ఎండలకమ్మా" అనేసి ఊరుకుంది లిదియమ్మ. ఏం తల్లి అని తిట్టాలనిపిస్తుంది. కడుపుకోత పడ్డ మనిషిని ఏమని తిడతాం!

తొంభై ఆరు మార్చిలో, పై దేశం చర్చీ వాళ్ళు పంపిన గిన్నెలు కడిగే మిషను లారీలో దిగింది. నెల్లూరు మెకానిక్కు వచ్చి బిగించి, విడమరిచి చెప్పినాడు.

"కంచాలు ఈ ట్రే సందుల్లో నిలబెట్టాల. మూత కిందికి లాగితే పైనా కిందా రెక్కలు తిరిగి, మందు కలిపిన వేడినీళ్ళు కొట్టి జిడ్డు ఊడదీస్తాయి. ఆనక సలసల కాగిన మంచినీళ్ళు. మూత ఎత్తితే ఆ వేడికి కంచాలే ఆరిపోతాయి, గుడ్డతో తుడిచే పని లేదు. ఒకటే జాగర్త. ఒక్కో కంచం ఎత్తి చూసి, మెతుకులు బకెట్లోకి గీకినాకే పెట్టండి. లేకుంటే లోపల జల్లెడ పూడిపోతాది."

హన్నమ్మ తలూపింది. అతను బస్సెక్కగానే, నురగ రాని మందు కూడా ఒక మందేనా అని గుప్పెళ్ళతో బట్టల సబ్బుపొడి పోసింది. ఇంకేముంది! నురగ మూత కింద నుంచి పొంగి, గడప దాటి, జామచెట్టు దాకా పోయింది. పిల్లలు ఒకటే నవ్వు. సారా ఒక్కతే నవ్వలేదు. గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"అన్నీ దీంట్లో ఎయ్యండి. మా షైనీది మాత్రం నా చేత్తో కడుగుతా" అంది లిదియమ్మ. రెబెకమ్మ కాదనలేదు.

అలా ఒక్కో కంచం ఎత్తి చూడాల్సొచ్చిన మొదటి వారంలోనే సారా కంచం చేతికొచ్చింది. గీకడానికి మెతుకు లేదు. చారు తడి లేదు. వాసన చూసింది, ఏమీ లేదు. మర్నాడూ అంతే.  లిదియమ్మ కంచం పట్టుకునే, జామచెట్టు కింద కూర్చున్న సారా దగ్గరికి పరిగెత్తింది.

"అన్నం ఎందుకు తినలేదే?"

సారా తల ఎత్తలేదు. "అక్క తినిందా లేదా అనే గదమ్మా నువ్వు చూసేది. నేను తినకపోతే నా కంచం గూడా చూస్తావనుకున్నా. ఎన్నాళ్ళకీ చూళ్ళేదు."

బిడ్డ చెయ్యి పట్టుకుంటే వట్టి ఎముక తగిలింది. లిదియమ్మ అక్కడే కూలబడి బావురుమంది.

మర్నాడు ఆదివారం. షైనీ కంచం వచ్చింది, పచ్చసొనతో. బతికున్నప్పుడు ఆ సొన చెల్లెలికే పెట్టేది షైనీ. లిదియమ్మ దాన్ని అన్నంలో కలిపి, "అక్క నీకే ఉంచింది, తిను తల్లీ" అని సారాకి ముద్దలు పెట్టింది. సారా వెక్కుతూనే అంతా తినింది.

"నువ్వు చేత్తో కడుగుతా ఉండావనే ఆ బిడ్డ వస్తా ఉండాది. ఇంక పోనీయవే" అంది హన్నమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటా.

లిదియమ్మ షైనీ కంచాన్ని ట్రేలో నిలబెట్టింది. మూత మీద చెయ్యి వేసింది గానీ కిందికి లాగలేకపోయింది. "అమ్మ నన్ను తోలేసిందనుకోమాక, నాయనా" అని కంచంతో చెప్పి, కళ్ళు మూసుకుని లాగింది. లోపల నీళ్ళు హోరుమన్నాయి. అవి ఆగినాక మూత ఎత్తితే ఆవిరి ముఖాన కొట్టింది. అప్పటికే కంచాలన్నీ ఆరిపోతున్నాయి. షైనీది రెండు చేతులా పట్టుకుంది. ఆ జొరంలో బిడ్డ ఒళ్ళు కాలినట్టే కాలుతోంది. రొమ్ముకి హత్తుకుని, అది చల్లారేదాకా వదల్లేదు.

సోమవారం షైనీ కంచం రాలేదు. లిదియమ్మ పోయి ట్రంకు పెట్టె తెరిచింది. కడిగింది కడిగినట్టే ఉంది. పెట్టె మూసి, వంటింట్లోకి వచ్చింది. సారా కంచం ఎత్తింది. అంచున కరివేపాకు, అడుగున నాలుగు మెతుకులు. ఆ మెతుకులు వేలితో తీసి నోట్లో వేసుకుని, కంచాన్ని ట్రేలో నిలబెట్టి, దాని పక్క సందు ఖాళీగా వదిలేసి, మూత కిందికి లాగింది.