ఎండ తగలని గుడ్డ

పరిగెత్తడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. పరిగెత్తేటప్పుడు ఒంటి మీద ఏం ఉండాలన్నదే నా ప్రాణం తీసింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి మొదటి రాతపరీక్ష గట్టెక్కాను. ఇక పరుగు. పదహారు వందల మీటర్లు గడువులోపల పరిగెత్తకపోతే తర్వాతి పరీక్ష రాయనివ్వరు. మళ్ళీ పోస్టులు ఎప్పుడు పడతాయో, అప్పటికి నా వయసు సరిపోతుందో లేదో చెప్పేవాళ్ళు లేరు.

మా ఊరు భావనపాడు. పరిగెత్తడానికి సముద్రం ఒడ్డున తడి ఇసుక ఉంది. వేసుకోవడానికే ఏమీ లేదు. చుడీదారు వేసుకుని, చున్నీని ఛాతీ మీద అడ్డంగా బిగించి నడుముకి కట్టి, లోపల మామూలు బాడీలు రెండు ఒకదాని మీద ఒకటి తొడిగి, అవి జారకుండా పిన్నీసులు పెట్టుకుని పరిగెత్తేదాన్ని. ఒకరోజు పిన్నీసు ఊడి చంకలో దిగబడింది. ఆ రోజే శ్రీకాకుళంలో కానిస్టేబుల్‌గా చేస్తున్న మా పిన్ని కూతురు ఝాన్సీ అప్పకి ఫోన్ చేశాను.

"పరుగుకని వేరేగా బాడీలుంటాయే ఉషా. భుజాల పట్టీలు వెడల్పుగా ఉండాల. బరువంతా కింద పట్టీ మీద ఆగాల. లోపల కుట్లు ఒరుసుకోకూడదు. తొడుక్కొని గెంతి సూడు. లోపల ఒల్లు ఎగిరితే వద్దను," అంది అప్ప.

అమ్మని తోడు తీసుకుని శ్రీకాకుళం వెళ్ళాను. మా అమ్మ అసిరమ్మ చేపలమ్మే మనిషి. సంతలో ఆవిడ గొంతు విప్పితే పక్క వీధి దాకా వినిపిస్తుంది. అలాంటిది, బట్టల షాపులో కౌంటర్ మీదికి వంగి గుసగుసలాడింది.

"మా గుంటకి... ఈ పిల్లకి... లోపలివి... పరిగెత్తడానికి."

సేల్స్‌మన్ మాత్రం ఏమీ దాచుకోలేదు. "ఒరే, లేడీస్ పరుగు బాడీలు దించరా!" అని పైఅంతస్తుకి వినబడేలా అరిచాడు. షాపులో ఉన్నవాళ్ళంతా మా వైపు తిరిగారు. సైజు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "సెప్పక్కర్లేదు, సూస్తే తెలిసిపోతాది," అంటూ తీరిగ్గా చూశాడు.

"ముకం సూసి మాటాడు," అన్నాను.

వాడు దించినవన్నీ గులాబీ రంగు, మెరుపుల పువ్వులు, పురికొసల్లాంటి పట్టీలు. అవి వేసుకుని పరిగెత్తేవాళ్ళని వాడెక్కడ చూశాడో! అట్టడుగున ఒక నల్లది దొరికింది. మందం గుడ్డ, వెడల్పు పట్టీలు, కింద బెల్టు లాంటి పట్టీ. ట్రయల్ రూమ్ అంటే బిల్లింగ్ కౌంటర్ పక్కన ఒక కర్టెన్. దాని రింగులు సగం ఊడిపోయాయి. అమ్మ బయట కొంగు అడ్డం పట్టుకుని నిలబడింది. నేను లోపల తొడుక్కుని గెంతాను.

"ఏటమ్మా, నేల కూలిపోతాదేటి?" అని సేల్స్‌మన్ అన్నాడు. కౌంటర్ దగ్గర మగాళ్ళు నవ్వారు. ఒకడైతే కర్టెన్ సందులోకి మెడ సాచాడు. బయటికి వచ్చి వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటీ చూశాను. బల్లికి కూడా కాస్త సిగ్గుంటుందేమో.

అదే షాపులో బూట్లు కూడా అమ్ముతారు. ఆడవాళ్ళ వైపు అన్నీ రాళ్ళూ రిబ్బన్లే. అడుగు నొక్కితే అట్టపెట్టెలా లోపలికి పోయింది. మగపిల్లల వైపు నుంచి నా కాలికి సరిపోయేవి, మడమ దగ్గర గట్టిగా ఉన్నవి తీసుకున్నాను. అవి జెంట్స్‌వి అన్నాడు వాడు. నా కాలికి తెలీదులే అన్నాను. బూట్లు మామూలు కవర్లో వేసిచ్చాడు. నల్ల బాడీని మాత్రం పేపర్లో చుట్టి, దాన్ని నల్ల కవర్లో పెట్టి, ముడేసి ఇచ్చాడు. అమ్మ దాన్ని సంచిలో వంకాయల కింద దాచింది. దొంగ సరుకు తెచ్చినట్టు ఊళ్ళో దిగాం.

మర్నాడు పరిగెత్తితే ఏడుపొచ్చింది, సంతోషంతో. ఇన్నాళ్ళూ సగం బలం నా ఒంటిని నేను పట్టుకోవడానికే పోయిందని తెలిసింది. చేతులు రెండూ వదిలేసి పరిగెత్తాను.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు.

మా ఇంట్లో ఆడవాళ్ళ లోబట్టలు ఎక్కడ ఆరతాయో మగాళ్ళకి తెలియకూడదు. పెరట్లో మరుగుదొడ్డికీ గోడకీ మధ్య కొబ్బరితాడు ఒకటి ఉంది. దాని మీద మా బాడీలు వేసి, పైన అమ్మ తడి లంగా కప్పి, ఆ పైన తువ్వాలు కప్పాలి. అక్కడికి ఎండ రాదు, గాలి రాదు. మామూలు బాడీలు పల్చటివి కాబట్టి ఎలాగో ఆరినట్టు అనిపించేవి. ఈ మందం గుడ్డ ఆరలేదు. శ్రావణమాసం ముసురు, ఉప్పుగాలి. తెల్లారి లేచి చూస్తే చల్లగా, జిగటగా చేతికి తగిలేది. అలాగే తొడుక్కుని పరిగెత్తేదాన్ని. మళ్ళీ ఉతికేదాన్ని. మళ్ళీ లంగా కింద.

ముందు వాసన మొదలైంది. మురిగిన గంజి వాసన. సబ్బు మార్చాను, పోలేదు. తర్వాత రొమ్ముల కింద ఎర్రగా దద్దు లేచింది. దురద పెట్టింది, గోకితే చర్మం పొరలుగా లేచింది, చెమట తగిలి రసి కారింది. పరిగెత్తేటప్పుడు ఆ పట్టీ పచ్చిపుండు మీద ఒరుసుకుంటుంటే అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయాను. నా ఒంటిని ముట్టుకోవాలంటే నాకే రోత. పరుగు రోజు చూస్తే దగ్గరపడుతోంది.

గుడ్డలోనే లోపం ఉందనుకుని షాపుకి వెళ్ళి అడిగాను. సేల్స్‌మన్ దాన్ని వేలి చివర పట్టుకుని ముక్కు మూసుకున్నాడు. "రోజూ ఉతుక్కోవాలమ్మా," అన్నాడు పదిమంది ముందు. రోజూ ఉతుకుతున్నానని నేను చెప్తూంటే ఎవరూ వినలేదు. అక్కణ్ణుంచి ఝాన్సీ అప్ప గదికి వెళ్ళి తలుపు గడియపెట్టి, చొక్కా ఎత్తి చూపించాను.

అప్ప ఒక్కటే అడిగింది. "ఎక్కడ ఆరేస్తన్నావే?"

"పెరట్లో."

"ఎండలోనేనా?"

"అమ్మ లంగా కింద."

అప్ప నెత్తి కొట్టుకుంది. "కుళ్ళిన గుడ్డ కట్టుకొని పరిగెడతన్నావే పిచ్చిదానా. డాక్టరమ్మ దగ్గిరకి తీసికెల్తాను, మందిస్తాది. గాని ఎండ తగలకపోతే ఏ మందూ పని సెయ్యదు. హాస్టల్లో నానూ ఇలాగే సచ్చినాను."

మందు తీసుకుని, ఆ రాత్రి అప్ప గదిలోనే పడుకుని, మర్నాడు పొద్దున్నే ఊరికి తిరిగి వచ్చేసరికి ముసురు విడిచి ఎండ కాస్తోంది. ఒడ్డున అమ్మ చేపలు ఎండబెడుతోంది. పాత వల పరిచి, కవళ్ళ చేపలు ఒక్కొక్కటీ తిరగేస్తోంది, పక్కన కాకుల్ని తోలే కర్ర పెట్టుకుని. నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"నీడ పడతంది, పక్కకి జరగవే! ఎండ తగలకపోతే పురుగు పట్టీసి పోతాది," అని అరిచింది అమ్మ.

పుట్టినప్పటినుంచీ వింటున్న మాటే. ఆ రోజు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"సేపకి తెలిసింది నీ కూతురికి తెలీదేటే? నా ఒల్లు పురుగు పడతంది లోపల. నువ్వు మరుగుదొడ్డి పక్కన లంగా కింద ఎండబెడితే!"

అమ్మ చేతిలో చేప అలాగే ఉంది. నేను ఆగలేదు. ఇంటికి పోయి, నల్ల బాడీని మరిగే నీళ్ళలో వేసి ఉతికి, వీధి వైపు దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేశాను.

ఆ దండెం మా అయ్య ధనరాజుది. దాని మీద ఆయన చారల డ్రాయర్లు ఏడాది పొడుగునా వేలాడతాయి. వాటికి చిల్లులు, మరకలు. ఊరంతా వాటి కిందనుంచే సముద్రానికి పోతుంది. ఎవరికీ పరువు పోలేదు. పక్కింట్లో మేనత్త కొడుకు లక్ష్ముడు బావ రోజూ అరుగు మీద ఒట్టి డ్రాయరుతో నిలబడి పళ్ళు తోముకుంటాడు. ఆ నురగ వీధిలోనే ఉమ్ముతాడు. అతని పరువూ పోలేదు. ఆ పూటా అలాగే నిలబడి ఉన్నాడు.

"ఒసే ఉషా, ఈదిలోకి ఏటే ఆ జెండా? తియ్యి. నా స్నేహితులొస్తన్నారు."

"నువ్వు లుంగీ కట్టుకొని రా బావా, అప్పుడు మాటాడుకుందాం."

అతను నోట్లో బ్రష్షుతోనే పడవ దగ్గరికి పోయి అయ్యకి చెప్పి, వచ్చి మళ్ళీ అరుగెక్కాడు. అయ్య వచ్చాడు. పడవ దగ్గర చేపలు కోసి వచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా నెత్తురు, పేగుల తుక్కు. ఆ చేతుల్తోనే గడ్డం గోక్కున్నాడు. దండెం వైపు చూశాడు. ఆయన ముఖం ఎలా ముడుచుకుపోయిందంటే, నేను దాన్ని బతికినంతకాలం మర్చిపోను. అరుగు కింద పడున్న కర్ర ఒకటి తీసుకుని, ఆ కొసతో నా బాడీని ఎత్తి ఇసుకలో పడేశాడు. చేత్తో ముట్టుకోలేదు. చేప పేగులకి లేని రోత ఉతికిన నా గుడ్డకి వచ్చింది ఆయనకి. కన్నతండ్రిని చూసి అంత అసహ్యం నాకు ఎన్నడూ కలగలేదు.

అప్పుడే అమ్మ వచ్చింది. ఇసుకలో పడ్డదాన్ని చూసింది, అయ్యని చూసింది. నా రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. తిడుతుందనుకున్నాను. తలుపు వేసి కొంగు తీసి, జాకెట్టు హుక్కులు విప్పింది.

రొమ్ముల కింద, ఒక చంక నుంచి ఇంకో చంక దాకా, చర్మం నల్లగా మందంగా గట్టిపడి ఉంది. మధ్య మధ్య పగుళ్ళు. ఒకచోట ఇంకా తడిగా, ఎర్రగా ఉంది.

"పెళ్ళైన కాడినుంచీ ఉన్నాది," అంది అమ్మ. "మా అమ్మకీ ఉండీది. ఆడదాని ఒల్లు ఇంతే అనుకున్నాను."

నా పుండు చూసి రోతపడ్డాను. ఇది చూస్తే ఏడుపు, కోపం, వాంతి అన్నీ ఒకేసారి వచ్చాయి. ఇరవై అయిదేళ్ళకి పైగా మురిగిన గుడ్డ ఒంటికి బిగించుకుని, నెత్తిన గంప పెట్టుకుని ఊళ్ళు తిరిగిందీ మనిషి. ఒక్కరోజైనా ఎవరితోనూ అనలేదు.

అమ్మ హుక్కులు పెట్టుకుని బయటికి నడిచింది. ఇసుకలోంచి బాడీని తీసి, దులిపి, మళ్ళీ ఉతికి, మళ్ళీ అదే దండెం మీద, అయ్య డ్రాయర్ల పక్కన ఆరేసింది. కాకుల కర్ర తెచ్చుకుని దాని కింద పీట వేసుకుని కూర్చుంది. అక్కడ చేపలు అలాగే వదిలేసింది.

"ఏటే ఇది? ఊరోళ్ళు సూడరేటి?" అన్నాడు అయ్య.

"సూడనీ. కాకి ముడితే కాకిని కొడతాను. నువ్వు ముడితే నిన్ను కొడతాను."

అది సంతలో గొంతు. పక్క వీధి దాకా వినిపించింది. అరుగు మీది లక్ష్ముడు బావ నోట్లో నురగతోనే లోపలికి పోయాడు. అయ్యకి ఆడవాళ్ళ బట్టల కిందనుంచి నడవడం పనికిరాదు. అందుకని ఆ సాయంత్రం నుంచి గుమ్మం వదిలేసి, మరుగుదొడ్డి పక్క సందులోంచి ఒంటి వాటంగా దూరి ఇంట్లోకి వస్తున్నాడు. అక్కడి కంపు ఆయనా కొన్నాళ్ళు పీల్చనీ అనుకున్నాను.

ఎండా మందూ కలిసి పుండు మానుపట్టాయి. పూర్తిగా మానలేదు గానీ, పరుగు రోజున కరకరమని ఎండిన గుడ్డ తొడుక్కున్నాను. నా పక్కన నిలబడిన, గరివిడి నుంచి వచ్చిన అమ్మాయి చున్నీ అడ్డంగా బిగించుకుని, చంక దగ్గర పిన్నీసు సర్దుకుంటోంది. ఆ పిన్నీసు చూసి నాకు పళ్ళు నూరాలనిపించింది. విజిల్ వేశారు. గడువులోపల గీత దాటాను. ఆ అమ్మాయి దాటిందో లేదో వెనక్కి తిరిగి చూసే ధైర్యం చెయ్యలేదు.

ఇంటికొచ్చేసరికి దండెం మీద అమ్మ బాడీలు ఆరుతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక వాటిని వెలుతురులో చూడడం అదే మొదలు. బూజు పట్టి నల్లటి చుక్కలు. హుక్కులు ఊడిపోతే వల నూలుతో ముడులు. ఆ ముడులు వీపు మీద ఒరుసుకోకుండా ఎలా ఉంటాయి?

"ఇయ్యేనా ఇన్నాళ్ళూ కట్టుకున్నావు?" అన్నాను.

"మరేటి, ఎవులు సూస్తారని?"

అమ్మ నా వైపు చూడకుండా క్లిప్పులు సర్దుతూ నిలబడింది. సర్దుతూనే అడిగింది.

"గంప ఎత్తుకొని బస్సుకి పరిగెడతాను కదా, నాకూ అలాటిది దొరుకుతాదేటే?"

"దొరుకుతాది. రేపే ఎల్దాం."

"ఆ కర్టెన్ ఎనకాల నానూ గెంతాలేటి?"

"గెంతాల."

అమ్మకి షాపులో ఆ సేల్స్‌మన్ అన్న మాట గుర్తొచ్చినట్టుంది. చేతిలో క్లిప్పుని దండేనికి గట్టిగా నొక్కింది.

"నేల కూలిపోతే కూలిపోనీ," అంది.