తాళ్ల కార్ఖానాలో కొలతలు

1983లో, మా ఆవిడ మార్తమ్మను పాతిపెట్టిన నాలుగో రోజే మళ్ళీ నా సర్వే డ్యూటీలో చేరాను. సెలవిచ్చారు గానీ, ఆ ఇంట్లో కూర్చుని ఎవరి మొహం చూడను?

బోస్టన్‌లో మూతపడిన నేవీ యార్డులో, ఓడలకు తాళ్లు పేనిన రాతి కట్టడాన్ని కొలవాలి. పావు మైలు పొడవు. టేపు పట్టుకుని నడిచాను, అంకెలు రాశాను. ఏమీ అనిపించలేదు.

వాచ్‌మన్ పాట్ ఒకప్పుడు అక్కడే తాళ్లు పేనేవాడు. మూలన మిగిలిన పాత మోకు తెచ్చి, "పట్టుకుని చూడు, ఎంత గట్టిదో" అన్నాడు.

సమాధి దగ్గరా నేను మోకు కోసమే చేతులు చాచి నిలబడ్డాను. మా కాకినాడ వైపు పెట్టెను అయినవాళ్లే మోకులు పట్టి దించుతారు. చర్చి స్నేహితుడు యేసురత్నం నా భుజం పట్టుకుని, "అన్నా, ఇక్కడ మెషిన్ దించుద్ది, మనం వెళ్ళాక. రా, కార్‌లో కూర్చో" అన్నాడు. వెళ్ళి కూర్చున్నాను.

"ఆ కొస పట్టుకుని మెల్లగా లాగు" అన్నాను పాట్‌తో.

పాట్ తాడు పేనేవాళ్లలాగే వెనక్కి నడుస్తూ లాగాడు. నేను బిగించి పట్టి, కొంచెం కొంచెంగా వదిలాను.

కొస జారిపోయాక అరచేతులు భగ్గుమన్నాయి. నాలుగు రోజుల్లో నాకేదైనా తెలియడం అదే మొదలు.