అల్లని వల

ఫ్లెక్సీలో కుసుమకుమారి గారిని తెల్లగా చేశారు.

సముద్రం ఒడ్డున భావనపాడు ఎండలో పుట్టి పెరిగిన ముఖం ఆమెది. కారునలుపు. ఫ్లెక్సీ వేసినవాడు దానికి గోధుమరంగు పూసి, చెవులకు లేని జూకాలు తగిలించి, పెదాలకు కాస్త ఎరుపు అద్దాడు. కింద ‘చిప్ తల్లికి అశ్రునివాళి’ అని పెద్దక్షరాలు. ఆమె ఎవరికీ తల్లి కాదు, పెళ్లే చేసుకోలేదు. కాలేజీ గేటు దగ్గర నిలబడి దాన్ని రెండుసార్లు చదివాను.

నా పేరు ఝాన్సీ. మాది గజపతినగరం. భావనపాడుకు దగ్గర్లో, హైవే పక్కనున్న ఆ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పద్నాలుగేళ్లు ఎలక్ట్రానిక్స్ చెప్పాను.

కుసుమకుమారి గారు చేపలమ్మే ఇంట్లో పుట్టి, స్కాలర్‌షిప్పుల మీద చదువుకుని, బెంగళూరులో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో చేరారు. అప్పట్లో చిప్ డిజైను అంటే గోడంత కాగితం మీద రంగు పెన్సిళ్లతో ఒక్కో ట్రాన్సిస్టరునూ చేత్తో గీయడమే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం మన దేశంలో తయారైన తొలి చిప్పుల్లో ఒకదాన్ని ఆమె రెండేళ్లపాటు నేల మీద మోకరించి గీశారు. పేరు మాత్రం పై అధికారికి వచ్చింది.

రిటైరయ్యాక చెల్లెలు గౌరి దగ్గరికి భావనపాడు వచ్చేశారు. ఒకరోజు బస్సు దిగి మా కాలేజీకి వచ్చి, జీతం అక్కర్లేదు, వారానికి రెండు గంటలు పిల్లలకు చిప్ డిజైను నేర్పుతానన్నారు. మా చైర్మన్ ధర్మేంద్ర గారు ఆమెను గంటన్నర వరండాలో కూర్చోబెట్టి, పీహెచ్‌డీ లేదని పెదవి విరిచి, చివరికి విరిగిన బెంచీలు పడేసే గది ఒకటి ఇచ్చారు. ఆ బెంచీల్ని ఒక పక్కకు నెట్టి ఆమె ఆరేళ్లు శనివారాలు పాఠం చెప్పారు. ఏడెనిమిది మంది వచ్చేవాళ్లు. నేనూ వెనక కూర్చునేదాన్ని. అన్నేళ్లూ నేను చెప్పిన పాఠం నాకే సరిగా తెలియదని అక్కడ అర్థమైంది.

కిందటి వేసవిలో అడ్మిషన్ల ఆఫీసుకు ఆ గది కావాల్సి వచ్చింది. ఆ సంగతి ఆమెకు చెప్పే పని నాకు అప్పజెప్పారు. చెప్పాను.

“ఇంకో గదేటైనా ఉన్నాదా అమ్మా?” అని అడిగారు.

“చూస్తాను మేడమ్,” అన్నాను. చూడలేదు. అడిగితే చైర్మన్ గారికి నచ్చదని ఊరుకున్నాను.

ఆమె కాగితాలు చుట్టి చంకలో పెట్టుకుని బస్సెక్కారు. గోడకు అంటించిన పెద్ద డ్రాయింగు ఒకటి లాగితే చిరుగుతుందని అక్కడే వదిలేశారు. ఎనిమిది నెలలకు గుండె ఆగి పోయారు. కాలేజీ నుంచి శవయాత్రకు వెళ్లింది నేనొక్కదాన్నే.

మూడు వారాలు గడిచాక విదేశీ ఇంజనీర్ల పత్రిక ఒకటి ఆమె గురించి నాలుగు పేజీలు రాసింది. మన పేపర్లు దాన్ని అందుకున్నాయి. ఆ సాయంత్రమే చైర్మన్ గారు నన్ను పిలిచారు.

“ఆవిడ పేరు మీద చిప్ డిజైన్ సెంటర్ పెడదాం ఝాన్సీ గారూ. ఢిల్లీలో దానికి గ్రాంటిచ్చే గవర్నమెంటు స్కీమున్నాది. ఆవిడ ఇక్కడ ఆరేళ్లు ప్రొఫెసర్‌గా చేసినట్టు లెటర్ రాసి సంతకం పెట్టండి.”

“ఆవిడని మనం ఉద్యోగంలోకి తీసుకోలేదు కదా సార్?”

“పోయినోళ్లని గౌరవిస్తన్నామండీ. అందులో తప్పేటున్నాది?” అన్నారాయన బాదంపప్పు నములుతూ. పంటి సందున ఇరుక్కున్న ముక్కను గోటితో తీసి, చూసుకుని, మళ్లీ నోట్లో వేసుకున్నారు. నేను సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు.

సంతాప సభకు గౌరిని కారులో తెచ్చారు. శాలువా కప్పి, బజారులో కొన్న కొత్త నైలాన్ వల ఆమె చేతుల్లో పెట్టి ఫొటోలు తీశారు. వలలల్లిన వేళ్లే చిప్పులల్లాయని ఒక వక్త అన్నాడు. తర్వాత మాట్లాడిన ఇద్దరూ అదే మాట తమదన్నట్టు చెప్పారు. జనం ప్రతిసారీ చప్పట్లు కొట్టారు.

వేదిక మీద పక్కనే కూర్చున్న నాతో గౌరి మెల్లిగా అంది: “మా అక్క జన్మలో వల అల్లనేదు. దారం సూస్తేనే పారిపోయేది. ఈళ్లకెవుడు సెప్పినాడు?”

మా వెనక గోడకు, ఆమె వదిలేసిన డ్రాయింగు ఫ్రేములో వేలాడుతోంది. తలకిందులుగా.

నా వంతు వచ్చింది. చదవమని వాళ్లు రాసిచ్చిన కాగితం మడిచి బల్ల మీద పెట్టాను.

“కుసుమకుమారి గారు ఇక్కడ ప్రొఫెసర్ కారు. ఒక్కరోజు కూడా ఉద్యోగం ఇవ్వలేదు. విరిగిన బెంచీల గది ఇచ్చి, అదీ లాక్కున్నాం. ఆ కబురు మోసింది నేనే. ఇంకో గది చూస్తానని అబద్ధం చెప్పింది కూడా నేనే. ఈ వెనకున్నది ఆవిడ గీసిందే. తలకిందులుగా పెట్టాం.”

తర్వాత చైర్మన్ గారు లేచి చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు. “మా ఫ్యాకల్టీకి ఆవిడంటే అంత ప్రేమండీ, దుఃఖంలో ఉన్నారు,” అని ఆయన మైకులో అన్నారు. కళ్లు కూడా తుడుచుకున్నారు. నన్ను తిట్టి దింపేస్తారనుకున్నాను. నా తప్పును కూడా వాళ్లు పూలదండలో గుచ్చేసుకున్నారు. ఆ చప్పట్లు ఒంటి మీద జిడ్డులా అంటుకున్నాయి.

నేను వెళ్లి ఆ ఫ్రేము దించి గౌరి చేతికిచ్చాను. ఎవరూ ఆపలేదు. ఫొటోగ్రాఫరు దాన్నీ ఫొటో తీశాడు.

వాళ్ల కారు వద్దని గౌరి ఆటో పిలిచింది. నేనూ ఎక్కాను. ఫ్రేము ఒళ్లో పెట్టుకుని ఆమె అంది.

“గది సంగతి అక్క సెప్పినాది నాకు. నువ్వు ఫోను సేస్తావని నాలుగు శనివారాలు పొద్దున్నే తానం సేసి, మంచి సీర కట్టుకుని కూకున్నాది. అయిదో వారం నుంచి కట్టుకోడం మానేసినాది.”

“నన్ను ఏమైనా అన్నారా?”

“ఏటీ అననేదు. అంటే నీకు బాగుండును, కాదేటి?”

ఊరు వచ్చింది. ఆమె దిగింది. నన్ను లోపలికి రమ్మనలేదు.

ఆ మర్నాడే ఢిల్లీ స్కీము ఆఫీసుకు ఉత్తరం రాశాను, కుసుమకుమారి గారు ఎన్నడూ మా ఉద్యోగి కారని, కింద నా పేరు, హోదా పెట్టి. రెండు నెలలకు, సెంటర్ కోసం కాలేజీ పంపిన దరఖాస్తు తిరిగొచ్చింది. చైర్మన్ గారు నన్ను పిలిచి కోప్పడలేదు. “మీ సెంటిమెంటు నాకు అర్థమైంది,” అని నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చద్ది కూర వాసన కొట్టినట్టుంటుంది.

జూన్‌లో రాజీనామా ఇచ్చాను. వీడ్కోలు సభ పెడతామన్నారు. నేను వెళ్లలేదు.